గాజు శిల్పి ఫ్రెడరిక్ కార్డర్

ఇంగ్లండున 1863లో జన్మించిన ఫ్రెడరిక్ కార్డర్, 1903లో అమెరికాకు వలసపోయి, కార్నింగు పట్టణమున మరొకరితో కలిసి స్ట్యూబెన్ గాజు కర్మాగారమును స్థాపించెను. 1932లో దాని పెత్తనము ఆయన చేజారెను. అప్పటికి 68 ఏండ్లు. ఇంటిపట్టున కూర్చుండదగిన ఆ ప్రాయమున ఆయన మైనపుపోతతో గాజు శిల్పములు చేయుటకు పూనుకొనెను. మన పంచలోహ విగ్రహముల పద్ధతియే ఇది: మైనపు ప్రతిమ చుట్టును అచ్చు కట్టి, మైనమును కరగించి తీసి, ఆ బోలును కరగిన గాజుతో నింపవలెను. అయితే గాజునకు లోహమునకున్న ఓర్పు లేదు. మెల్లమెల్లగా చల్లార్చనిచో పగులును. పగిలెనా, మైనమును లేదు, అచ్చును లేదు. పని మరల మొదటికి వచ్చును. ప్రాచీన రోమనుల జాలపాత్రల వంటివానిని సయితము ఆయన ఈ పోతలో సాధించెను. 1959 వరకు పనిశాలను విడువలేదు. 1963 డిసెంబరులో, నూరేండ్లు నిండిన పిమ్మట, మరణించెను.