వాల్డెమార్ హాఫ్‌కిన్

నెల్లూరు జిల్లా పడమటి భాగమున ఆత్మకూరును, దానికి ఆవల కొండకోటతో ఉదయగిరియు గలవు. ఇవి రేవు పట్టణములు కావు. అయినను 2020 మార్చిలో ఇటలీనుండి నెల్లూరు చేరిన ఒక ప్రయాణికునిలో కోవిడ్ వ్యాధి కనుగొనబడిన కొలది దినములకే దేశమంతటను రాకపోకలు నిలిచి, ఈ ఊళ్ల బాటలును నిర్మానుష్యములయ్యెను. విమానమునకు కొండలు అడ్డము కావు గదా! నూట ఇరువది యేండ్లకు పూర్వము మరియొక మహామారి ఓడనెక్కి మన దేశమునకు వచ్చెను. దాని నెదిర్చిన వారిలో హాఫ్‌కిన్ అగ్రగణ్యుడు.

అతడు 1860లో రష్యా సామ్రాజ్యమునందలి ఒడెస్సా నగరమున యూదు కుటుంబములో జన్మించెను. మెచ్నికాఫ్ అను శాస్త్రజ్ఞునికి శిష్యుడై ప్రతిభ చూపెను. మతము మార్చుకొనినచో స్వదేశముననే ఉద్యోగము లభించియుండెడిది, అతడందులకు సమ్మతింపలేదు. పారిస్ చేరి, పాశ్చరు సంస్థలో గ్రంథాలయ సహాయకుడై, తీరిక వేళల ప్రయోగములు సలిపెను. కలరా టీకా సిద్ధము కాగా, 1892 జులై 18వ తేదీన మొదట తన శరీరముననే దానిని ఎక్కించుకొనెను. మరుసటి యేట కలకత్తాకు వచ్చి వేలాది జనులకు టీకాలు వేసెను.

ప్లేగు 1894లో హాంకాంగును పీడించి, వర్తకపు టోడల వెంట 1896లో బొంబాయి చేరినది. రేవునకు చేరువనున్న మాండ్వీలో ధాన్యపు గిడ్డంగులు మెండు. ఎలుకలకు అది స్వర్గము. ఎలుకలపైనుండు గోమారులవలన వ్యాధి మనుష్యులకు సోకునని అప్పటికి ఎవ్వరును ఎరుగరు. భయపడి రైలెక్కి పారిపోయిన జనులతో పాటు వ్యాధియు ప్రయాణించెను. అధికారులు స్టేషన్లలో ప్రయాణికులను దింపి పరీక్షించిరి, ఇండ్లలో చొరబడి వెదకిరి. అందుచే జనులు రోగులను దాచసాగిరి. 1897లో పలుదేశముల ప్రతినిధులు వెనిస్ నగరమున సమావేశమై, ప్లేగు తమ సరిహద్దులు దాటకుండుటకు నిబంధనలు చేసికొనిరి. తెలుగువారికిని తిప్పలు తప్పలేదు. బళ్ళారి, హైదరాబాదు ప్రాంతములకు ఆ వ్యాధి ప్రాకగా, జనులు ఇండ్లు విడిచి పొలములలో గుడిసెలు వేసికొనిరి.

బొంబాయి వైద్య కళాశాలలో ఒక చిన్నగదియు, ఒక గుమాస్తాయు, ముగ్గురు బంట్రోతులును – హాఫ్‌కిన్‌కు లభించిన బలగమింతే. మాంసరసమున నేతిచుక్కలు తేలవిడిచి, వానినుండి క్రిందికి వ్రేలాడునట్లు ప్లేగు క్రిములను పెంచి, వేడిచే చంపి, మూడు నెలలలో టీకా తయారుచేసెను. 1897 జనవరి 10వ తేదీన తానే మొదట దానిని పొడిపించుకొని, జ్వరముతో, నొప్పితో బాధపడెను. పిమ్మట బైకల్లా కారాగారమున ప్లేగు ప్రవేశింపగా, ఖైదీలలో సుమారు సగముమంది స్వయముగా ముందుకు వచ్చి టీకా వేయించుకొనిరి. వారిలో వ్యాధియు మరణములును తక్కువగా కనబడెను.

కాని 1902లో పంజాబునందలి ముల్కోవాల్ గ్రామమున, టీకా పొందినవారిలో పందొమ్మిదిమంది ధనుర్వాతముచే మరణించిరి. వారందరికిని ఒకే సీసాలోని మందు వేయబడినది. నింద ప్రయోగశాలపై పడెను. హాఫ్‌కిన్ పదవినుండి తొలగింపబడెను. ఆ సీసాను విప్పునపుడు నేలపై పడిన పట్టుకారును సరిగా శుభ్రపరుపక వాడిరని సాక్ష్యములుండియు, అతని మాట చాలకాలము చెల్లలేదు. ప్రాణములు నిలిపినవాడు హంతకునివలె చూడబడెను. రోనాల్డ్ రాస్ మొదలగు శాస్త్రజ్ఞులు అతని పక్షమున పోరాడగా, 1907లో అతడు నిర్దోషిగా నిర్ణయింపబడెను.

మరల కలకత్తాకు వచ్చినను మునుపటి అధికారము అతనికి దక్కలేదు. 1915లో ఉద్యోగము విరమించి ఐరోపాకు మరలిపోయెను. పరేల్‌లోని ప్లేగు పరిశోధనశాలకు 1925లో హాఫ్‌కిన్ సంస్థ అని పేరిడిరి. అతడు అవివాహితుడుగనే యుండి, 1930లో స్విట్జర్లండులోని లోజాన్ నగరమున కన్నుమూసెను.