వ్యాస పరీక్ష కోసం పోరాడిన మాస్టారు: గిడుగు రామమూర్తి పంతులు

తెలుగు వ్యాసం అనగానే మనలో చాలామందికి ఎర్ర సిరా గుర్తొస్తుంది. ఇంట్లో అమ్మ అనే మాట నోటుబుక్కులో పడితే దానికింద గీత పడేది. ఆ గీత న్యాయమేనా అని వందేళ్ల కిందటే నిలదీసిన ఉపాధ్యాయుడి తండ్రి కొంతకాలం మన చోడవరంలో ఉన్నారు.

గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. చోడవరానికి బదిలీ అయి, 1875లో అక్కడే జ్వరంతో పోయారు. పిల్లవాడు విజయనగరంలో మేనమామగారింట ఉండి మహారాజావారి పాఠశాలలో చదివాడు. గురజాడ అప్పారావుగారు అక్కడ సహాధ్యాయి.

1880లో ముప్పై రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి స్కూల్లో చరిత్ర మాస్టారుగా చేరారు. చరిత్ర చెప్పేవాడికి పుస్తకం ఒక్కటే చాలదనుకున్నారేమో, పాత లిపులు సొంతంగా నేర్చుకుని ముఖలింగం గుడి శాసనాలు చదివారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల మాట ఎవరికీ పట్టని రోజుల్లో, ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాసి, బడులు పెట్టారు. ఆ కొండల్లో పట్టుకున్న మలేరియాకు వాడిన క్వినైను ఆయన వినికిడిని తినేసింది. ఊరూరా జనం మాట విని రాసుకున్న మనిషికి చెవుడు రావడం కన్నా కష్టం ఏముంటుంది?

తెలుగు సంగతి ఆ తరవాత వచ్చింది. పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ దొరకు, పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, రాసే తెలుగు మరొకటి ఎందుకయిందో అంతుపట్టలేదు. విశాఖ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన గురజాడ, గిడుగుల పేర్లు చెప్పారు. అలా మొదలైంది. విశాఖలోనే ఉన్న సెట్టి లక్ష్మీనరసింహంగారు గ్రీకు పురాణ కథలను వాడుక తెలుగులో రాశారు.

1912-13లో స్కూలు ఫైనలు వ్యాసం ఏ తెలుగులోనైనా రాయవచ్చని ఉత్తర్వు వచ్చింది. జయంతి రామయ్య పంతులుగారి వంటి పెద్దలు గట్టిగా ఎదిరించారు. వాళ్లు తెలుగుకు శత్రువులు కారు, భాష చెడిపోతుందన్న భయం వాళ్లది. కానీ వ్యాకరణానికి జడిసి చెప్పాల్సిన సంగతే మింగేసే పిల్లవాడి గోడు ఆ సభల్లో వినిపించలేదు. మదరాసు విశ్వవిద్యాలయ సంఘంలో గురజాడ అసమ్మతి రాసి ఇచ్చారు. కొన్నేళ్లకే ఆ వెసులుబాటు పోయింది. 1915లో గురజాడా పోయారు.

పంతులుగారు ఆగలేదు. గ్రాంథికవాదుల పుస్తకాలే ముందేసుకుని, వాళ్లు పెట్టుకున్న నియమాలను వాళ్లే ఎక్కడెక్కడ తప్పారో ఏరి చూపించారు. నా ఉద్దేశంలో ఆయన చేసిన అతి పెద్ద దిద్దుబాటు అదే. ఈసారి ఎర్ర సిరా పండితుల రాతల మీద పడింది. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక నడిపారు. 1925లో తణుకు సభలో నాలుగు గంటలు మాట్లాడారు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. అన్నేళ్లు పాఠాలు చెప్పిన ఊరిని విడిచి ఆయన రాజమండ్రి చేరారు. 1940 జనవరిలో మదరాసు వెళ్లి పత్రికలవారికి తన చివరి విన్నపం చెప్పుకున్నారు. వారం తిరిగేసరికి, 22న, కన్నుమూశారు. బడుల్లో వ్యాసం అప్పటికింకా గ్రాంథికంలోనే రాయిస్తున్నారు.