పాత ఇనుముకు ప్రాణం పోసిన రైతుబిడ్డ

చెడిపోయిన యంత్రం ఎదురైనప్పుడు కొందరు దానిని పక్కన పడవేసి కొత్తదాని కోసం చూస్తారు. మరికొందరు దాని మూత విప్పి, లోపల ఏ భాగం ఏ పని చేస్తున్నదో, ఆ పని ఎక్కడ ఆగిపోయిందో పరిశీలిస్తారు. ఇటలీ దేశస్థుడైన ఫెరూచియో లంబోర్గిని ఈ రెండవ కోవకు చెందినవారు. ఆయన ఇంటిపేరు నేడు అత్యంత వేగవంతమైన, ఖరీదైన కార్లకు గుర్తుగా నిలిచిపోయింది. కాని ఆయన జీవితయాత్ర ఆరంభమైనది యుద్ధం విడిచిపోయిన పాత వాహనాల ఇనుముతో.

ఉత్తర ఇటలీలోని ఎమీలియా-రొమాన్యా ప్రాంతం పంటపొలాలకూ, యంత్ర నిర్మాణానికీ పేరుగాంచినది. అక్కడి చెంతో పట్టణ సమీపంలోని రెనాజ్జో గ్రామంలో 1916 ఏప్రిల్ 28న ఒక రైతు కుటుంబంలో ఫెరూచియో జన్మించారు. తల్లిదండ్రులు ద్రాక్షతోటల సాగుతో జీవించేవారు. బాలుడైన ఫెరూచియోను మాత్రం పొలం పనులకంటె ఆ పనులకు వాడే యంత్రాలే ఎక్కువగా ఆకర్షించాయి. కుమారుని అభిరుచికి తగినట్లుగానే ఆయన చదువు సాంకేతిక విద్య వైపు సాగింది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1940లో, ఆయన ఇటలీ వైమానిక దళంలో చేరవలసి వచ్చింది. అప్పట్లో ఇటలీ ఆధీనంలో ఉన్న రోడ్స్ దీవికి ఆయనను మెకానిక్‌గా పంపారు. సైనిక వాహనాలను మరమ్మతు చేసే విభాగం ఆయన పర్యవేక్షణలోకి వచ్చింది. యుద్ధకాలంలో సముద్రం నడుమ ఉన్న దీవికి విడిభాగాలు చేరడం సులభం కాదు. ఒక వాహనంలో పనికివచ్చే భాగాన్ని మరొక వాహనానికి అమర్చి, ఉన్నవాటితోనే పని జరిపించుకోవాలి. ఆయనకు ఏ విద్యాలయమూ నేర్పలేని పాఠాలను ఆ దీవి నేర్పింది. 1945లో యుద్ధం ముగిసే సమయానికి ఆయన బ్రిటిష్ సేనలకు బందీగా చిక్కారు. మరుసటి సంవత్సరం స్వదేశం చేరుకున్నారు.

ఆనాటి ఇటలీ యుద్ధంలో చితికిపోయిన దేశం. పొలాలున్నాయి, దున్నే యంత్రాలు లేవు. కొత్త ట్రాక్టరు కొనే శక్తి సామాన్య రైతుకు లేదు. మరొకవైపు సైన్యాలు విడిచిపోయిన వాహనాలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఇతరులకు అది తుక్కుగా కనిపించింది. రోడ్స్‌లో పనిచేసి వచ్చిన ఫెరూచియోకు అందులో ఇంజన్లు, ఇరుసులు, గేర్లు కనిపించాయి. చిన్న మరమ్మతుశాలను నెలకొల్పి, ఆ భాగాలతో ట్రాక్టర్లను కూర్చే పనికి ఆయన పూనుకున్నారు. ఇంతలోనే తీరని దుఃఖం ఎదురైంది. 1947లో కుమారుడు తొనీనోకు జన్మనిస్తూ ఆయన భార్య కన్నుమూశారు. పసిబిడ్డ ఒకవైపు, అప్పుడే మొలకెత్తిన వృత్తి మరొకవైపు. ఆ స్థితిలోనూ ఆయన పనిని విడువలేదు.

అదే సంవత్సరంలో 'కరియోకా' అనే తొలి ట్రాక్టరు సిద్ధమైంది. ఈ తొలినాటి ట్రాక్టర్లలో మోరిస్ ట్రక్కుల పెట్రోలు ఇంజన్లను వాడారు. ఇటలీలో అప్పుడు పెట్రోలు ఎంతో ప్రియం. ఇంజన్ పెట్రోలుతో మొదలై, వేడెక్కిన పిమ్మట చవకైన డీజిలుతో నడిచేటట్లు ఇంధనాన్ని ఆవిరిగా మార్చే ఒక పరికరాన్ని ఫెరూచియో రూపొందించారు. తన యంత్రం దున్నగలదా అన్న ప్రశ్నతో పాటు, దానిని నడిపే ఖర్చును రైతు భరించగలడా అన్న ప్రశ్న కూడా ఆయన మనస్సులో ఉండటమే ఈ ఆవిష్కరణకు మూలం. 1948లో ట్రాక్టర్ల సంస్థ ఏర్పడింది. కొద్ది సంవత్సరాలలోనే అది దేశంలోని ప్రధాన వ్యవసాయ యంత్ర సంస్థలలో ఒకటిగా ఎదిగింది.

ట్రాక్టర్లు జీవనాధారం కాగా, కార్లు ఆయనకు మక్కువ. ఫియట్ సంస్థ తయారుచేసిన 'తొపొలీనో' అనే చిన్న కారును ఆయన తన సొంత మరమ్మతుశాలలోనే మార్చివేశారు. కుటుంబ అవసరాలకు ఉద్దేశించిన ఆ కారును పైకప్పు లేని రెండు సీట్ల పందెపు కారుగా తీర్చారు. 569 ఘనపు సెంటీమీటర్ల ఇంజన్ సామర్థ్యాన్ని 750కి పెంచారు. 1948లో ఆ కారుతోనే 'మిల్లే మిలియా' అనే సుప్రసిద్ధమైన దూరపు పందెంలో పాల్గొన్నారు. దాదాపు 1,100 కిలోమీటర్లు పరుగెత్తిన తరువాత కారు అదుపు తప్పి రోడ్డు పక్కనున్న భోజనశాలలోకి దూసుకుపోయింది. ఆయన ప్రాణాలతో బయటపడ్డారు. పందేలపై ఆయనకున్న ఉత్సాహం అంతటితో చల్లారింది. వేగం కోసం మన్నికను బలిపెట్టరాదన్న అభిప్రాయం తరువాతి కాలంలో ఆయన నిర్ణయాలన్నింటిలోనూ కనిపిస్తుంది.

ట్రాక్టర్ల వ్యాపారం, దాని తరువాత ప్రారంభించిన తాపన యంత్రాల వ్యాపారం ఆయనను సంపన్నుణ్ణి చేశాయి. మేలైన కార్లు ఎన్నో ఆయన ఇంటికి చేరాయి. వాటిలో ఫెరారీ కార్లూ ఉన్నాయి. ఖరీదైన కారు కొన్నాక దానిని అపురూపంగా దాచుకోవడం లోకరీతి. ఫెరూచియో దానిని విప్పించి చూసేవారు. తరచుగా ఇబ్బంది పెడుతున్న క్లచ్‌ను పరిశీలించి, ఆ లోపాన్ని ఎంజో ఫెరారీకి చెప్పబోగా, ట్రాక్టర్లు చేసుకొనేవారికి ఈ కార్ల సంగతి తెలియదన్న ధోరణిలో జవాబు వచ్చిందని ఆయన తరువాతి కాలంలో చెప్పేవారు. ఆ సంభాషణ ఏ మాటలతో జరిగిందన్నది ఎలా ఉన్నా, దాని ఫలితం చరిత్రలో నిలిచింది. 1963లో బొలోన్యా సమీపంలోని సంత్-అగాతా బొలొన్యేసే అనే చిన్న ఊరిలో ఫెరూచియో కార్ల కర్మాగారాన్ని స్థాపించారు. తాను జన్మించిన వృషభరాశికి గుర్తుగా ఎద్దు బొమ్మను సంస్థకు చిహ్నంగా ఎంచుకున్నారు.

ఈ కొత్త కార్ల కోసం జొత్తో బిజ్జరీని అనే ఇంజనీరు 12 సిలిండర్ల ఇంజన్‌ను రూపొందించారు. అది పందేలకు తగిన ఉద్ధృతమైన ఇంజన్. యజమాని కోరినది మాత్రం దీర్ఘకాలం ఇబ్బంది లేకుండా రోడ్డుపై నడిచే ఇంజన్. అందుచేత యువ ఇంజనీరు జన్ పావొలో దల్లారా దాని ఉద్ధృతిని తగ్గించి, నిత్యం నడపడానికి అనువుగా మలచారు. ఆ సంవత్సరం అక్టోబరులో తూరిన్ నగర ప్రదర్శన నాటికి తొలి నమూనా కారు శరీరంలో ఇంజన్ ఇమడలేదు. బరువు సరిపోవడానికి లోపల ఇటుకలు పేర్చి, మూత మూసి ప్రదర్శించారని చెబుతారు. 1964లో '350 జి.టి.' పేరుతో అమ్మకానికి వచ్చిన కారు మాత్రం విమర్శకుల మెప్పు పొందింది.

ఆ తరువాత దల్లారా, పావొలో స్తంజానీ, కార్లను పరీక్షించే బాబ్ వాలెస్ అనే ముగ్గురు యువకులు పని వేళలు ముగిసిన పిమ్మట రాత్రివేళల్లో మరొక కారును ఊహించసాగారు. యజమాని మొదట సందేహించినా వారి ఉత్సాహానికి అడ్డుపడలేదు. అదే 'మియూరా'. బెర్తోనే సంస్థకు చెందిన మార్చెల్లో గందీనీ దీనికి రూపకల్పన చేశారు. 1966లో జెనీవా ప్రదర్శనలో ఈ కారును చూచినవారు అబ్బురపడ్డారు. 12 సిలిండర్ల ఇంజన్‌ను సీట్ల వెనుక అడ్డంగా అమర్చడం దీని ప్రత్యేకత. 1973 వరకు 760కి పైగా మియూరాలు తయారయ్యాయి.

ఈ కార్లు నేడు పాతబడ్డాయి. వాటిని తమ ఇంటి షెడ్డులోనే ఓపికగా విప్పి పునరుద్ధరించే అభిమానులు పలు దేశాలలో ఉన్నారు. వారి పని ఫెరూచియో తొలినాటి పనిని గుర్తుచేస్తుంది. తొలి మియూరాలలో ఇంజన్‌కూ గేర్ బాక్స్‌కూ ఒకే నూనె. గేర్ల నుండి రాలిన లోహపు రజను ఇంజన్‌లోకి చేరగలదు. చివరి కార్లలో ఈ రెండింటిని వేరుచేశారు. కార్బ్యురేటర్ల నుండి చిందిన పెట్రోలు వేడి ఇంజన్‌పై పడితే మంటలు లేచే ప్రమాదం ఉన్నది. బరువు తగ్గించడానికి రంధ్రాలు చేసిన ఉక్కు చట్రంలో తుప్పు దాగి ఉంటుంది. కాబట్టి పునరుద్ధరించే వ్యక్తి పైరంగు మెరుపుతో తృప్తిపడరాదు. ప్రతి మరనూ విప్పి, ఏది ఎక్కడిదో గుర్తు పెట్టి, తొలినాటి రూపాన్ని చెడగొట్టకుండా లోపాన్ని మాత్రమే తొలగించాలి. ఒక తొందరపాటు వల్ల తిరిగి దొరకని భాగం నాశనమవుతుంది. 2015లో లంబోర్గిని సంస్థ సైతం పాత కార్ల సంరక్షణకు 'పోలో స్తోరికో' అనే విభాగాన్ని ఏర్పరచింది. 1971లో ప్రదర్శితమై, 1974లో భద్రతా పరీక్షలో ధ్వంసమైన 'కౌంటాక్' తొలి నమూనాను ఆ విభాగం పాత చిత్రాలు, పత్రాల ఆధారంగా 25,000 గంటలకు పైగా శ్రమించి పునర్నిర్మించి 2021లో ప్రదర్శించింది.

కీర్తి శిఖరాన ఉన్నప్పుడే ఫెరూచియోకు కష్టకాలం వచ్చింది. 1970 దశకం ఆరంభంలో బొలీవియా నుండి వచ్చిన పెద్ద ట్రాక్టర్ల ఆర్డరు రద్దయింది. కర్మాగారం అప్పుల పాలైంది. ఒకదానిని నిలబెట్టబోయి అన్నింటినీ కూల్చుకోవడం ఆయన స్వభావం కాదు. 1972లో కార్ల సంస్థలో అధిక వాటాను, 1974లో మిగిలిన వాటాను విక్రయించారు. 1973లో ట్రాక్టర్ల సంస్థ 'సామే' అనే సంస్థ చేతికి వెళ్లింది. తన పేరు మోసే కార్లు ఇక తనవి కావు. అయినా ఆయన ఆ పేరు పట్టుకొని వేలాడలేదు. మధ్య ఇటలీలోని త్రసిమేనో సరస్సు తీరాన తన భూమిలో ద్రాక్ష సాగు చేస్తూ ద్రాక్షసారాయం తయారుచేయసాగారు. తల్లిదండ్రుల వృత్తినే ఆ విధంగా మళ్లీ స్వీకరించారు. 1993 ఫిబ్రవరి 20న, 76 ఏళ్ల వయస్సులో, పెరూజా నగరంలో ఆయన కన్నుమూశారు.

ఆయన స్థాపించిన కార్ల సంస్థ అనేక చేతులు మారి 1998లో ఆడి సంస్థ ఆధీనంలోకి వచ్చింది. యజమానులు మారినా ఎద్దు బొమ్మ మారలేదు. ఫెరూచియో సంపద యుద్ధపు తుక్కులో పుట్టింది, ఆయన కీర్తి ఒక క్లచ్‌ను విప్పి చూడటంలో పుట్టింది. ఉన్న యంత్రాన్ని అర్థం చేసుకొన్నవారే అంతకంటె మేలైన యంత్రాన్ని నిర్మించగలరని ఆయన జీవితం నిరూపించింది. చేతులకు మసి అంటుతుందని వెనుదీయని జిజ్ఞాస, ఉన్నదానిని సద్వినియోగం చేసుకొనే నేర్పు, విడువవలసినదానిని సకాలంలో విడిచిపెట్టగల నిగ్రహం - ఈ మూడింటినీ విద్యార్థులు ఆయన నుండి నేర్చుకోవచ్చు.