పేరు పోగొట్టుకొన్న రచయిత - డాల్టన్ ట్రంబో

హాలీవుడ్ చలనచిత్ర రచయితలలో అగ్రగణ్యులైన డాల్టన్ ట్రంబో 1905 డిసెంబరు 9వ తేదీన అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, మాంట్రోజ్ పట్టణమున జన్మించారు. తండ్రి చెప్పుల దుకాణంలో గుమాస్తా. బాల్యం గ్రాండ్ జంక్షన్ అనే ఊరిలో గడిచింది. పాఠశాల విద్యార్థిగా ఉండగానే ఆయన స్థానిక పత్రికకు వార్తలు సేకరించి రాసేవారు. విశ్వవిద్యాలయంలో ఒక సంవత్సరం మాత్రమే చదివారు. కుటుంబం లాస్ ఏంజెలెస్ నగరానికి తరలివెళ్లిన కొద్దికాలానికే తండ్రి మరణించడంతో తల్లినీ, ఇద్దరు చెల్లెళ్లనూ పోషించే భారం ఆయన భుజాలపై పడింది. ఒక రొట్టెల కర్మాగారంలో రాత్రిపూట కూలికి కుదిరి దాదాపు ఎనిమిదేళ్లు అక్కడే పనిచేశారు. ఆ కాలంలో పగటివేళ ఆయన రాసిన కథలు, నవలలు ఒకదాని వెంట ఒకటిగా తిరిగివచ్చాయి. తొలి నవల 1935లో గాని వెలుగు చూడలేదు.

కాళ్లు, చేతులు, చూపు, వినికిడి, మాట సర్వమూ కోల్పోయి మనసు మాత్రమే మిగిలిన ఒక సైనికుని గాథ 'జానీ గాట్ హిజ్ గన్'. ఈ నవల 1939 సెప్టెంబరులో, రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమైన రోజులలోనే వెలువడింది. ఆ తరువాత చలనచిత్ర రంగంలో ఆయన కీర్తి వేగంగా పెరిగింది. 1940 దశకం మధ్యనాటికి ఒక్కొక్క చిత్రానికి 75,000 డాలర్లు పుచ్చుకొనే స్థాయికి చేరుకొన్నారు.

1943లో ఆయన కమ్యూనిస్టు పార్టీలో చేరారు. ఆయనను మచ్చలేని మహనీయునిగా చిత్రించవలసిన అవసరం లేదు. యుద్ధకాలంలో, తక్షణమే శాంతి కావాలంటూ తనకు ఉత్తరాలు రాసినవారిని గురించి ఆయనే ఎఫ్.బి.ఐ. వారికి తెలియజేశారు. వచ్చిన అధికారులు మాత్రం ఆ ఉత్తరాలకన్న ఆయన అభిప్రాయాలపైనే ఎక్కువ ఆసక్తి చూపారు. ఆ పనికి ఆయన అనంతరకాలంలో పశ్చాత్తాపపడ్డారు.

యుద్ధం ముగిసి, సోవియట్ యూనియన్‌తో అమెరికాకు స్నేహం చెడింది. 1947 అక్టోబరులో అమెరికా ప్రతినిధుల సభకు చెందిన విచారణ సంఘం సినీ ప్రముఖులను పిలిపించి, మీరు కమ్యూనిస్టు పార్టీ సభ్యులా అని ప్రశ్నించింది. భావ స్వాతంత్ర్యం రాజ్యాంగం ఇచ్చిన హక్కు గనుక అటువంటి ప్రశ్న వేసే అధికారం సంఘానికి లేదని ట్రంబోతో సహా పదిమంది వాదించారు. సభాధిక్కార నేరం వారిపై మోపబడింది. నిర్మాతలు న్యూయార్కులో సమావేశమై, ఆ పదిమందికి పని ఇవ్వబోమని ప్రకటించారు. నల్లజాబితా ఆ విధంగా పుట్టింది. కాలక్రమేణా అది వందలాది మందిని కబళించింది. ట్రంబో 1950లో కెంటకీ రాష్ట్రంలోని ఆష్‌లాండ్ కారాగారానికి వెళ్లి, సుమారు పది నెలలు శిక్ష అనుభవించారు.

విడుదలైన పిమ్మట భార్య క్లియోతో, ముగ్గురు పిల్లలతో కొంతకాలం మెక్సికో నగరంలో తలదాచుకొన్నారు. కలం ఆగలేదు గాని, ఆ కలానికి పేరు లేదు. మారుపేర్లతోనూ, మిత్రుల పేర్లతోనూ రాయవలసివచ్చింది. అంతకు ముందే, 'గన్ క్రేజీ' చిత్రానికి లభించిన ప్రతిఫలం 3,750 డాలర్లు! 'రోమన్ హాలిడే' కథను మిత్రుడు ఇయాన్ మెక్‌లెలన్ హంటర్ తన పేరిట అమ్మిపెట్టి, సొమ్మును ట్రంబోకు అందజేశారు. ఆ కథకు 1954లో ఆస్కార్ బహుమతి హంటర్ పేరిట లభించింది.

మెక్సికోలో చూసిన ఎద్దుల పోరాటం మరొక కథకు బీజం వేసింది. ఒక పేదబాలుడు కోడెదూడను ప్రాణంగా పెంచుతాడు. అది పోరాట రంగానికి చేరుతుంది. దాని పరాక్రమానికి ముగ్ధులైన ప్రేక్షకులే దానికి ప్రాణభిక్ష పెట్టమని కోరుతారు. 'ది బ్రేవ్ వన్' అనే ఈ చిత్రకథకు 1957లో ఆస్కార్ ప్రకటించి, రచయిత రాబర్ట్ రిచ్‌ను వేదికపైకి పిలిచారు. ఆ రచయిత రాలేదు. అటువంటి రచయిత లేడు. పబ్లిక్ పరీక్షలలో జవాబుపత్రంపై పేరు ఉండదు, సంఖ్య మాత్రమే ఉంటుంది. పరీక్షకుడు రాతను చూసి మార్కులు వేస్తాడు. హాలీవుడ్ తెలియకుండానే ట్రంబోకు అటువంటి పరీక్ష పెట్టి, ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుని చేసింది.

ఈ వృత్తాంతంలో ఉపాధ్యాయులను, తల్లిదండ్రులను కలవరపరచే ఘట్టం ఇంకొకటి ఉంది. కుటుంబం లాస్ ఏంజెలెస్‌కు తిరిగివచ్చాక, తండ్రి పేరు తెలిసిన కారణంగా చిన్నకుమార్తెను ప్రాథమిక పాఠశాలలో తోటిపిల్లలు వెలివేశారు. ఆ ద్వేషం పిల్లలకు వారి ఇండ్లలోనే అబ్బినది. ఏ పాపమూ ఎరుగని చిన్నారి దుఃఖాన్ని చూసిన ట్రంబో ప్రధానోపాధ్యాయులకు సుదీర్ఘమైన లేఖ రాశారు. విచారణ సంఘం ముందు కన్న ఆ లేఖలోనే ఆయన ఎక్కువ వేదనతో కనిపిస్తారు.

1959లో రాబర్ట్ రిచ్ తానేనని ఆయన వెల్లడించారు. 1960 జనవరిలో దర్శకుడు ఆటో ప్రెమింజర్ తన 'ఎక్సోడస్' చిత్రానికి రచయిత ట్రంబోయేనని బహిరంగంగా ప్రకటించారు. అదే సంవత్సరం కిర్క్ డగ్లస్ నటించి, నిర్మాణ బాధ్యత వహించిన 'స్పార్టకస్' తెరపైనా ఆయన పేరు కనిపించింది. నల్లజాబితా క్రమంగా సడలింది. 1971లో 'జానీ గాట్ హిజ్ గన్' నవలను ట్రంబో స్వయంగా దర్శకత్వం వహించి చిత్రంగా మలిచారు. 'ది బ్రేవ్ వన్' ఆస్కార్ ప్రతిమ 1975లో గాని ఆయన చేతికి అందలేదు. మరుసటి ఏడు, 1976 సెప్టెంబరు 10న, కన్నుమూశారు.

'రోమన్ హాలిడే' కథకు రావలసిన ఆస్కార్‌ను 1993లో క్లియో అందుకొన్నారు. ఆ చిత్ర రచయితల జాబితాలో ట్రంబో పేరును రచయితల సంఘం 2011 డిసెంబరులో పునరుద్ధరించింది. అందుకై పాటుపడినవారిలో ట్రంబో కుమారుడు క్రిస్టఫర్, హంటర్ కుమారుడు టిమ్ ఉన్నారు. ఆ నిర్ణయం వెలువడేనాటికి క్రిస్టఫర్ జీవించి లేరు. అదే సంవత్సరం జనవరిలో ఆయన మరణించారు.