చిన్న ఊరి బ్యాంకు కట్టిన పెద్ద శిల్పి

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, ఎందుకో నాకు అమెరికాలో చూసిన ఒక చిన్న ఊరి బ్యాంకు, దాన్ని కట్టిన లూయీ సల్లివాన్ గారు గుర్తుకు వచ్చారు. మినియాపోలిస్‌లో ఉన్న మా అబ్బాయి, బ్యాంకు వాడివి గదా చూద్దువు గాని నాన్నా అని, ఒక పనిరోజున గంటకు పైగా కారులో దక్షిణంగా తీసుకువెళ్ళి ఒవటొన్నా అనే ఊళ్ళో దింపాడు.

సల్లివాన్ గారు 1856లో బోస్టన్‌లో జన్మించారు. చదువు ఎక్కడా నిలకడగా సాగలేదు, పారిస్‌లో కూడా కొద్ది నెలలే. 1871 అగ్నిప్రమాదం తరువాత చికాగో నగరమంతా తిరిగి కట్టుకుంటున్న రోజులవి. అక్కడ డాంక్‌మర్ ఆడ్లర్ అనే ఇంజనీరుతో భాగస్వామి అయ్యారు. 1889లో చికాగో ఆడిటోరియం, 1891లో సెయింట్ లూయీలో పది అంతస్తుల వెయిన్‌రైట్ భవనం వారిద్దరి పనే. ఫ్రాంక్ లాయిడ్ రైట్ అంతటివాడు వీరి ఆఫీసులోనే పని నేర్చుకున్నాడు. కట్టడం రూపం దాని అవసరంలో నుంచి పుట్టాలన్నది సల్లివాన్ గారి పట్టుదల. ముక్కుసూటి మనిషి. 1893 ఆర్థిక మాంద్యంతో పనులు తగ్గాయి, 1895లో ఆడ్లర్ విడిపోయారు. ఆ తరువాత పెద్ద పనులు దాదాపు రాలేదు.

అటువంటి సమయంలో, 1906లో, ఒవటొన్నా నేషనల్ ఫార్మర్స్ బ్యాంకు ఉపాధ్యక్షుడు కార్ల్ బెనెట్ ఒక పత్రికలో ఆయన వ్యాసం చదివి కబురు పెట్టారు. ఆ రోజుల్లో బ్యాంకు అంటే గ్రీకు స్తంభాల గుడిలాగా ఉండాలి. బెనెట్‌కు అది నచ్చలేదు. డబ్బు దాచేది రైతులు, వారికి గ్రీకు దేశంతో ఏం పని?

1908లో పూర్తయిన ఆ భవనం 68 అడుగుల చదరం. అడుగున ఎర్ర ఇసుకరాయి, పైన పలు ఛాయల ఇటుక. రెండు వైపులా 36 అడుగుల వెడల్పు కమాను, అందులో రంగుటద్దాలు. పైన ఆకుపచ్చ టెర్రకోట అల్లిక పని. ఇందులో చాలా భాగం ఆయన సహాయకుడు జార్జ్ ఎల్మ్‌స్లీ గీసినదే, ఆ పేరు కూడా చెప్పుకోవాలి. లోపలికి అడుగు పెడితే ఆకుపచ్చ, పసుపు కలిసిన వెలుతురు. రెండేసి టన్నులకు పైగా బరువున్న నాలుగు ఇనుప దీపస్తబకాలు వేలాడుతుంటాయి. గోడల మీద ఒకవైపు పంటకోత, ఒకవైపు పాడి ఆవుల చిత్రాలు. ఇవి మన ఒంగోలు జాతి కాదండీ అంది మా ఆవిడ. ట్యూబులైటు కింద 34 ఏళ్ళు క్యాష్ లెక్కపెట్టినవాణ్ణి, అక్కడ కాసేపు మాట రాలేదు.

ఆ తరువాత అయోవా, ఒహాయో, ఇండియానా, విస్కాన్సిన్ చిన్న ఊళ్ళలో ఆయన మరికొన్ని బ్యాంకులు కట్టారు. అయినా ఇల్లు గడవలేదు. 1909లోనే సామాను, పుస్తకాలు వేలం వేసుకున్నారు. 1918లో, తాను కట్టిన ఆడిటోరియంలోని ఆఫీసునే ఖాళీ చేయవలసి వచ్చింది. చివరి రోజుల్లో మిత్రుల చందాలే ఆధారం, ఇచ్చినవారిలో రైట్ కూడా ఉన్నాడు. మనలాగా ఒకటో తారీకున పెన్షను పడే ఉద్యోగం కాదు గదా. 1924 ఏప్రిల్ 14న చికాగోలో ఒక హోటలు గదిలో కన్నుమూశారు. అమెరికా వాస్తుశిల్పుల సంస్థ వారి బంగారు పతకం 1944లో, అంటే పోయిన ఇరవై ఏళ్ళకు వచ్చింది. మన అరియర్సు కూడా ఇంత ఆలస్యం కాలేదు.

బెనెట్ గారి బ్యాంకు కూడా వ్యవసాయ మాంద్యంలో 1926లో మూతపడింది. 1929లో మరో బ్యాంకు ఆ భవనం తీసుకుంది. 1940లో మార్పుల పేరుతో పాత కౌంటర్లు పీకేశారు. నేను పనిచేసిన ఒక బ్రాంచిలో టేకు కౌంటరును కట్టెల కింద అమ్మేసిన సంగతి జ్ఞాపకం వచ్చింది. 1950లలో వచ్చిన వారు మాత్రం మిగిలినది జాగ్రత్తగా నిలబెట్టారు. 1981లో ఆ దేశపు తపాలా శాఖ ఆ బ్యాంకు బొమ్మతో 18 సెంట్ల బిళ్ళ వేసింది. మా అబ్బాయి ఎక్కడో సంపాదించి ఇచ్చాడు, నా పాత పాస్‌బుక్కులో పెట్టుకున్నాను.