ఆల్ఫియేరి మసెరాటి

ఆల్ఫియేరి మసెరాటి (సెప్టెంబర్ 23, 1887 - మార్చి 3, 1932) ఇటలీ దేశానికి చెందిన మెకానిక్, పందెపు కార్ల రూపకర్త, డ్రైవరు. మసెరాటి కార్ల సంస్థకు మూలపురుషుడు. నేడు విలాసానికీ వేగానికీ పేరొందిన ఈ సంస్థ మొదట ఇతరుల కార్లను బాగుచేసే చిన్న కార్ఖానాగా ప్రారంభమైనదని చాలామందికి తెలియదు.

బాల్యం

ఈయన ఉత్తర ఇటలీలోని వోఘేరా పట్టణంలో జన్మించాడు. తండ్రి రొడోల్ఫో రైలు ఇంజను డ్రైవరు. అంతకు రెండేళ్ళ ముందు పుట్టి పసితనంలోనే చనిపోయిన అన్న పేరునే ఈయనకు పెట్టారు. సోదరులలో మారియో ఒక్కడే చిత్రకారుడు, తక్కినవారందరూ యంత్రాల వైపే మొగ్గారు. పెద్దన్న కార్లో చొరవతో ఆల్ఫియేరి మిలాన్‌లోని ఇసొట్టా ఫ్రాస్కిని కార్ల సంస్థలో చేరి పని నేర్చుకున్నాడు. కార్లో 1910లో మరణించాడు.

మరమ్మతు కార్ఖానా

1914 డిసెంబర్ 1న బొలోన్యా నగరంలోని వియా దె పెపోలి వీధిలో తన పేరుతోనే ఒక కార్ఖానా తెరిచాడు. ఇసొట్టా ఫ్రాస్కిని కార్లను సర్వీసు చేయడం, వాటి ఇంజన్లను పందేలకు అనువుగా సవరించడం ఇక్కడి ప్రధానమైన పని. తమ్ముళ్ళు ఎత్తోరే, ఎర్నెస్తో తోడుగా ఉండేవారు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధంలోకి ఇటలీ దిగడంతో పెద్దవారు సైన్యంలోకి వెళ్ళవలసి వచ్చింది. కార్ఖానా భారం ఇంకా ఇరవై ఏళ్ళు నిండని ఎర్నెస్తోపై పడింది.

యుద్ధకాలంలో ఆల్ఫియేరి స్పార్కు ప్లగ్గుల తయారీ చేపట్టాడు. ఇంజనులోని ఇంధన మిశ్రమాన్ని రగిలించే నిప్పురవ్వ పుట్టేది ప్లగ్గులోనే. లోపలి విద్యుత్ బంధకం వేడికి చెడిపోతే కరెంటు దారితప్పి, నిప్పురవ్వ పుట్టక ఇంజను తడబడుతుంది. ఈయన బంధకంగా అభ్రకాన్ని వాడాడు. ఇంజను ఎక్కడ మొరాయిస్తుందో రోజూ చూసే మెకానిక్కుకు ఇటువంటి ఆలోచన రావడం సహజమే.

పందేలు

1920వ దశకంలో డియాట్టో సంస్థ కార్లను తీర్చిదిద్ది, స్వయంగా నడిపాడు. 1924లో స్పెయిన్‌లోని రబస్సాడా కొండ పందెంలో రెండు లీటర్ల ఇంజను స్థానంలో మూడు లీటర్ల ఇంజను అమర్చినందుకు ఐదేళ్ళ నిషేధానికి గురయ్యాడు. ఈయన జీవితంలో ఇది మాయని మచ్చ. తరువాత ఆ శిక్షను సడలించారు.

డియాట్టో పందేల నుండి తప్పుకోగా, దాని కోసం రూపొందించిన ఎనిమిది సిలిండర్ల కారును ఆధారం చేసుకొని, ఇంజనును ఒకటిన్నర లీటర్లకు తగ్గించి, 1926లో టీపో 26 అనే కారును సిద్ధం చేశాడు. మసెరాటి పేరుతో వచ్చిన మొదటి కారు ఇదే. అదే ఏడాది సిసిలీలోని టార్గా ఫ్లోరియో పందెంలో మెకానిక్ గ్వెరీనో బెర్టోక్కిని పక్కన కూర్చోబెట్టుకొని నడిపి, 1500 సి.సి. తరగతిలో మొదటి స్థానం పొందాడు. కారు ముందున్న త్రిశూలం చిహ్నాన్ని మారియో రూపొందించాడు. బొలోన్యాలోని నెప్ట్యూన్ విగ్రహం చేతిలోని ఆయుధమే దానికి ఆధారం.

1927లో మెస్సీనా పందెంలో తీవ్రంగా గాయపడి ఒక మూత్రపిండాన్ని కోల్పోయాడు. అయినా పని మానలేదు. రెండు ఎనిమిది సిలిండర్ల ఇంజన్లను పక్కపక్కన జతచేసి నిర్మించిన వి4 కారును 1929లో క్రెమోనాలో బొర్జక్కీని గంటకు 246 కిలోమీటర్ల వేగంతో నడిపి రికార్డు నెలకొల్పాడు.

మరణం

మూత్రపిండ శస్త్రచికిత్స వికటించి 1932 మార్చి 3న బొలోన్యాలో మరణించాడు. అప్పటికి వయసు 44 సంవత్సరాలు. అంతవరకు ఇసొట్టా ఫ్రాస్కినిలోనే ఉన్న అన్న బిందో వచ్చి తమ్ముళ్ళతో కలిసి సంస్థను నడిపాడు. 1937లో వారు దానిని ఓర్సి కుటుంబానికి విక్రయించారు. 1940లో కర్మాగారం మోడెనాకు తరలింది.