ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్

1948లో మన అనకాపల్లి మద్రాసు రాష్ట్రంలో వుండేది. నైజాం సంగతులు మనవైపు దూరపు కబుర్లే. అందుకేనేమో షోయబుల్లా ఖాన్ పేరు తెలంగాణాలో వినిపించినంతగా మన ఇళ్ళలో వినిపించదు. పిల్లలకు చెప్పవలసిన జీవితం గనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన 1920లో వరంగల్ ప్రాంతంలో పుట్టారు. తండ్రి రైల్వే పోలీసు ఉద్యోగి. ఉస్మానియాలో బి.ఏ. చదివిన ముస్లిం కుర్రవాడికి ఆ రోజుల్లో సర్కారు నౌకరీ దొరక్కపోదు. ఆయన మాత్రం ఉర్దూ పత్రికల దారి పట్టారు. మందుముల నరసింగరావు గారి రయ్యత్‌లో పనిచేశారు. ప్రభుత్వం దాన్ని మూయించాక, 1947 నవంబరులో తానే ఇమ్రోజ్ దినపత్రిక పెట్టారు. ఇమ్రోజ్ అంటే నేడు.

ఆ నెల 29న నిజాం ప్రభుత్వం భారత ప్రభుత్వంతో ఏడాదిపాటు యథాతథ ఒప్పందం చేసుకుంది. విదేశ వ్యవహారాలు వెనుకటిలాగే ఢిల్లీ చూసుకోవాలి. అయినా 20 కోట్ల రూపాయల భారత సెక్యూరిటీలు పాకిస్తానుకు అప్పుగా ఇచ్చారు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమాన చోదకుడు కరాచీ నుంచి దొంగచాటుగా ఆయుధాలు చేరవేశాడు. మరి ఢిల్లీ వూరుకుంటుందా?

చుట్టూ భారతదేశమే. సముద్రం లేదు. జనంలో నూటికి 80 మందికి పైగా హిందువులు. ప్రజాప్రభుత్వం ఏర్పడాలని, సంస్థానం భారతదేశంలో కలవాలని ఇమ్రోజ్ రాసింది. రజాకార్ల దౌర్జన్యాలను దాచలేదు. సాటి ముస్లిం ఈ మాట రాయడమే కాశిం రజ్వీ మనుషులకు కంటగింపు అయింది. రజాకార్లను రద్దు చెయ్యాలంటూ ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను కూడా ఆయన అచ్చువేశారు. బెదిరింపులు వచ్చాయి. ఆయన మానలేదు.

1948 ఆగస్టు 21 రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వస్తుంటే కాచిగూడ దగ్గర కాల్చి, రాసే చేతిని నరికారు. అడ్డుపడిన బావమరిది ఇస్మాయిల్ ఖాన్ చెయ్యి కూడా పోయింది. తెల్లవారేలోగా ప్రాణం పోయింది. ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. చిత్రమేమంటే, న్యాయం చెయ్యమని హైదరాబాదు ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి పంపిన తంతి మీద వున్న తేదీ కూడా ఆగస్టు 21.

నమ్ముకున్న సాయం ఎక్కడినుంచీ రాలేదు. సెప్టెంబరు 13న సైన్యం ప్రవేశించింది, 17న అంతా ముగిసింది. భద్రతా మండలి పారిస్‌లో చర్చ మొదలుపెట్టిన కొద్దిరోజులకే నిజాం ఫిర్యాదు వెనక్కు తీసుకున్నారు. మూల్యం చెల్లించింది మాత్రం రజ్వీ మొహం కూడా ఎరగని పల్లెటూరి ముస్లిములు. సుందర్‌లాల్ కమిటీ అంచనాలో చచ్చినవారు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలు. ఆ నివేదిక జనం కంటబడింది 2013లో!

సలాహుద్దీన్ అయ్యూబీ పుట్టిన కుర్దు జాతికీ ఇలాటి అనుభవమే వుంది. ముల్లా ముస్తఫా బర్జానీ ఇరాన్ షానీ, అమెరికానీ నమ్మి ఇరాక్‌తో పోరాడాడు. 1975 మార్చిలో షా అల్జీర్స్‌లో ఇరాక్‌తో రాజీపడగానే ఆ సాయం ఆగిపోయింది. తిరుగుబాటు కొద్ది వారాల్లో కూలింది. బర్జానీ 1979లో వాషింగ్టన్‌లో కన్నుమూశాడు.

హైదరాబాదు ప్రభుత్వం సొమ్ము పది లక్షల పౌండ్ల చిల్లర 1948 సెప్టెంబరులో లండను బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనరు పేరుకు మారింది. ఆ తగాదా లండను కోర్టులో తేలేసరికి 2019 వచ్చింది. షోయబుల్లా ఖాన్ చేతిమీదుగా ఇమ్రోజ్ నడిచింది పట్టుమని పది నెలలు కూడా కాదు.